కట్టనక్కర్లేని పన్నును వదిలేయమని చెప్పకండి

తెలంగాణలోని పాలకీడు మండలంలో ఏ ఊరికి పోయినా, ఎక్కువగా కోసిన పన్ను వెనక్కి అడిగే సంగతి మీద తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. "బ్యాంకోళ్లు కట్ చేసిండ్రంటే పోయినట్టే. గవర్నమెంటుకు పోయిన పైసలు ఎన్నడన్న తిరిగొచ్చినయా?" అంటారు. కాస్త లోకం తెలిసినవాళ్లు గొంతు తగ్గించి, "రిటర్న్ ఏస్తే ఐటీ వాళ్ల కండ్లల్ల పడ్డట్టే. ఆ నాలుగు వేల కోసం పోతే ఉన్నదానికి లెక్క అడుగుతరు" అని హెచ్చరిస్తారు. కోదాడ, మిర్యాలగూడల్లోని ఉద్యోగస్తులు ఇంకో మాట అంటారు: "పన్నెండు లక్షల దాకా పన్నే లేదాయె, ఇంక రీఫండ్ పంచాయితీ ఎందుకు?"

ఈ మూడు మాటలూ తప్పు. ఎవరికీ నష్టం చేయని తప్పులైతే వాటి మీద ఇంత రాయాల్సిన పని లేదు. ఉద్యోగం పోయినవాళ్లు, భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లు, ఏడాదిలో నాలుగు నెలలే పని దొరికిన మేస్త్రీలు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఈ మాటలు నమ్మి సొంత డబ్బు వదులుకుంటున్నారు. ఆడిటర్‌ను పెట్టుకోగలిగిన మిల్లు యజమాని మాత్రం ఏటా పైసాతో సహా వెనక్కి తెచ్చుకుంటాడు. ఆయన తెచ్చుకోవడం న్యాయమే. ఆ న్యాయం మహంకాళిగూడెంలో ట్రాక్టర్ నడుపుకునే మనిషికి ఎందుకు ఉండకూడదు?

అసలు ఈ కోత ఎట్లా పడుతుందో ముందు చూడాలి. టీడీఎస్, అంటే డబ్బు మన చేతికి రాకముందే కోసే పన్ను, పూర్తిగా అంచనా మీద నడుస్తుంది. ఏప్రిల్‌లో మన బతుకు ఎట్లా ఉందో మార్చి దాకా అట్లాగే ఉంటుందనుకుని కంపెనీ లెక్క వేస్తుంది. బ్యాంకైతే మన మిగతా బతుకు సంగతి చూడనే చూడదు, వడ్డీ ఒక్కటే చూసి కోస్తుంది. మధ్యలో ఉద్యోగం పోయినా, ఇంటి పెద్ద కాలం చేసినా ఆ అంచనా కూలిపోతుంది. కోసిన పన్ను మాత్రం ఖజానాలోనే ఉంటుంది. దాన్ని సరిచేయడానికి చట్టం పెట్టిన దారి ఒక్కటే: ఏడాది ముగిశాక రిటర్న్ వేసి అసలు లెక్క చెప్పడం. అంటే బతుకు తలకిందులైన ఏడాదే రిటర్న్ తప్పక వేయాల్సిన ఏడాది. మనవాళ్లు సరిగ్గా ఆ ఏడాదే "ఇప్పుడు మనకు ఆదాయమే లేదు, రిటర్న్ ఎందుకు" అని మానేస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. శూన్యపహాడ్ నుంచి హైదరాబాద్ పోయి నెలకు 90 వేల జీతం మీద ఉన్న పిల్లవాడు ఒకడు ఉన్నాడనుకోండి. 2024-25 ఆర్థిక సంవత్సరం. ఏడాది జీతం 10 లక్షల 80 వేలు. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 10 లక్షల 5 వేలు. ఆ ఏటి స్లాబుల ప్రకారం పన్ను 50,750 రూపాయలు, సెస్సు కలిపితే 52,780. కంపెనీ దాన్ని నెలనెలా దాదాపు 4,400 చొప్పున కోస్తూ పోతుంది. అక్టోబరు ఆఖరున ఉద్యోగం తీసేశారు. పిల్లవాడు సంచి సర్దుకుని ఊరికి వచ్చాడు, మార్చి దాకా ఇంకో పని దొరకలేదు. అతనికి ఆ ఏడాది మొత్తం మీద వచ్చింది 6 లక్షల 30 వేలు. స్టాండర్డ్ డిడక్షన్ పోను 5 లక్షల 55 వేలు. దాని మీద పన్ను 12,750. ఆ ఏడాదికి 7 లక్షలలోపు ఆదాయం ఉన్నవాళ్లకు 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 87ఏ కింద 25 వేల దాకా రిబేటు ఉంది కాబట్టి అది కూడా మాఫీ. కట్టాల్సింది సున్నా, ఏడు నెలల్లో కోసింది 30 వేల 700 పైన. ఆ డబ్బు మొత్తం అతనిదే. పనిలేని ఐదు నెలల్లో ఇంట్లోవాళ్ల ముందు చేయి చాచే బాధ కొంతైనా తీర్చే డబ్బు. జీతం, కోత లెక్క చూపే ఫారం 16 అతని మెయిల్లోనే ఉంటుంది. ఆదాయపు పన్ను పోర్టల్లో వివరాలు చాలావరకు ముందే నింపి ఉంటాయి. అయినా "ఉద్యోగం లేనోడు ఐటీ రిటర్న్ వేయడమేంది" అని చుట్టూ ఉన్నవాళ్లు అంటే అతను ఆగిపోతాడు.

ఇక ఇంటి పెద్ద పోయిన ఇల్లు. తెలంగాణలో 2018 ఆగస్టు 15 నుంచి రైతు బీమా ఉంది. పట్టా ఉన్న రైతు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. ఆ డబ్బు మీద పన్ను లేదు. భార్య దాన్ని బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తుంది, పిల్లల చదువుకనో, కూతురి పెళ్లికనో. బర్రెలు అమ్మిన డబ్బో, అన్నదమ్ములు సర్దిన డబ్బో ఇంకో లక్ష కలిస్తే 6 లక్షలు. 7 శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 42 వేలు. 2024-25లో ఒక బ్యాంకులో వడ్డీ 40 వేలు దాటితే 10 శాతం కోత, అంటే 4,200. ఆమెకు ఇంకో ఆదాయం లేదు. వ్యవసాయ ఆదాయం ఉన్నా దాని మీద పన్ను లేదు. ఆమె కట్టాల్సిన పన్ను సున్నా. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. పద్నాలుగు రోజులు ఎండలో మట్టి తవ్వితే వచ్చే కూలి పాస్‌బుక్కులో ఒక్క గీతతో పోయింది. దాన్ని చిన్న మొత్తమని ఎవరంటున్నారో కాస్త చూడండి, ఆమె మాత్రం అనడం లేదు.

2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 50 వేలు అయింది, అరవై దాటినవాళ్లకు లక్ష. కాబట్టి 6 లక్షల ఎఫ్‌డీ మీద ఇక కోత పడదు. 8 లక్షలుంటే ఇప్పటికీ పడుతుంది, 56 వేల వడ్డీ మీద 5,600. ఏడాది మొదట్లో "నాకు పన్ను పడదు" అని చెప్పే ఫారం (1961 చట్టం కింద 15జీ) ఇస్తే ఆ కోతను ఆపవచ్చు. అరవై ఏళ్లు నిండినవాళ్లకైతే 15హెచ్. దాన్ని ఏటా కొత్తగా ఇవ్వాలి. భర్త పోయిన ఏడాది ఏ ఇల్లాలికి 15జీ గుర్తుంటుంది? కౌంటర్లో ఉన్నవాళ్లు చెప్పకపోతే ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఒకసారి కోసి ఖజానాకు జమచేశాక బ్యాంకు దగ్గరికి పోయి అడిగినా లాభం లేదు, రిటర్న్ వేయాల్సిందే.

పాన్ ఇవ్వకపోతే కోత 10 కాదు, 20 శాతం. అదే 6 లక్షల మీద 8,400. పైగా పాన్ లేకుండా కోసిన పన్ను ఎవరి ఖాతాలోనూ కనిపించదు. ముందు పాన్ తీసుకుని, బ్యాంకు చేత టీడీఎస్ వివరాలు సవరింపజేస్తేనే అది ఆమె పేరు మీదికి వస్తుంది. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది, ఊళ్లో భయపెట్టే నోటీసుల దగ్గర కాదు. ఆమె పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పాస్‌బుక్కులో ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరమై మిగులుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. రీఫండ్ పడాలంటే బ్యాంకు ఖాతా పాన్‌తో జతపడి పోర్టల్లో ముందుగా ధ్రువీకరణ కావాలి. పేర్లు కలవకపోతే ఆ ధ్రువీకరణ తిరగ్గొడుతుంది. పాన్, ఆధార్ జతచేయనివాళ్లకు ఇంకో దెబ్బ. 2023 జులై 1 నుంచి అట్లాంటి పాన్‌లు పనిచేయకుండా పోయాయి. పాన్ ఉన్నా లేనట్టే లెక్క, 20 శాతం కోత, రీఫండ్ నిలిపివేత. మళ్లీ బతికించుకోవడానికి వెయ్యి రూపాయల రుసుము. నాలుగు వేలు తెచ్చుకోవడానికి వెయ్యి కట్టాలంటే ఎవరికైనా మనసు విరుగుతుంది. అయినా కట్టమనే అంటాను, ఎందుకంటే ఆ పాన్ అట్లాగే పడి ఉంటే వచ్చే ఏడాది కోత రెట్టింపవుతుంది, ఆ పైఏడాదీ అంతే.

భర్త పేరు మీదే ఎఫ్‌డీ ఉండి, ఆయన పోయేనాటికే కోత పడి ఉంటే ఆ డబ్బూ పోదు. చనిపోయిన మనిషి తరఫున వారసులు రిటర్న్ వేయవచ్చు, రీఫండ్ అడగవచ్చు. 1961 చట్టంలో సెక్షన్ 159, 238 చెప్పేది ఇదే. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇద్దరి పాన్‌లు పెట్టి పోర్టల్లో వారసురాలిగా నమోదు కావాలి. 2016లో నేరేడుచర్ల నుంచి విడిపోయి పాలకీడు మండలం అయింది కాబట్టి తహసీల్దార్ ఆఫీసు ఇప్పుడు దగ్గరే. ఆ సర్టిఫికెట్ ఎట్లాగూ రైతు బీమాకో, భూమి విరాసతుకో తీసుకుంటారు. ఇంకో జిరాక్సు తీసి పెట్టుకుంటే చాలు.

మిగతా సందర్భాలు క్లుప్తంగా. సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనులు చేసే చిన్న మేస్త్రీకి బిల్లు మీద 1 శాతం కోస్తారు. ఏడాదికి 8 లక్షల బిల్లులైతే 8 వేలు. సెక్షన్ 44ఏడీ కింద 8 శాతం లాభం చూపినా అతని ఆదాయం 64 వేలే. పన్ను లేదు, 8 వేలూ వెనక్కి రావాలి. భూమి అమ్మిన రైతు ఇల్లు కట్టడానికి బ్యాంకు నుంచి ఏడాదిలో 25 లక్షల నగదు తీస్తే, 1961 చట్టం ప్రకారం మూడేళ్లుగా రిటర్నులు వేయలేదన్న కారణం మీద 20 లక్షలు దాటిన 5 లక్షలపై 2 శాతం, అంటే 10 వేలు కోస్తారు. ఊళ్లోని వ్యవసాయ భూమి అమ్మకం మీద పన్నే లేనప్పుడు ఆ 10 వేలు ఎవరివి? 2013 భూసేకరణ చట్టం కింద వచ్చిన పరిహారం మీద పన్ను లేదని ఆ చట్టం సెక్షన్ 96 చెబుతుంది. ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా 2016 అక్టోబరు 25న 36వ నంబరు సర్క్యులర్‌లో అదే ఖాయం చేసింది. అక్కడ కోత పడితే అదీ అడగదగ్గదే. దుబాయ్ నుంచో అమెరికా నుంచో శాశ్వతంగా తిరిగొచ్చినవాళ్లు బ్యాంకుకు ఆ సంగతి చెప్పకపోతే ప్రవాసులకుండే ఎన్ఆర్‌ఓ ఖాతా వడ్డీ మీద 30 శాతానికి పైగా కోత కొనసాగుతుంది. ఆ ఏడాదికి చట్టప్రకారం నివాసి అయితే ఎక్కువ కోసింది తిరిగొస్తుంది. 87ఏ రిబేటు కూడా నివాసులకే కాబట్టి నివాసి అయిన ఏడాది ఏదో చూసుకోవడం ముఖ్యం.

పన్నెండు లక్షల వాదం చదువుకున్నవాళ్ల నోట వస్తుంది కాబట్టి దాన్ని వేరుగా చూడాలి. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను కట్టనక్కర లేదన్నది నిజం. కానీ అది మినహాయింపు కాదు. మినహాయింపు పరిమితి 4 లక్షలే. ఆ పైన లెక్కప్రకారం పన్ను పడుతుంది, 60 వేల దాకా రిబేటుగా తీసేస్తారు. ఆ తీసివేత ఖాయమయ్యేది రిటర్న్‌లో. జీతమిచ్చే కంపెనీ ముందే లెక్కగడుతుంది గానీ, బ్యాంకుకు మీ మొత్తం ఆదాయం తెలియదు. వడ్డీ 50 వేలు దాటితే దాని చేతికి కత్తెర వచ్చినట్టే. మీరు 6 లక్షల ఆదాయం మీద పన్ను లేదనుకుని ఇంట్లో కూర్చుంటే రెండు నష్టాలు. 4 లక్షలు దాటినవాళ్లు రిటర్న్ వేయడం తప్పనిసరి కాబట్టి చట్టం తప్పినవాళ్లవుతారు, కోసిన డబ్బూ పోగొట్టుకుంటారు. ఆ 12 లక్షల ప్రకటన తర్వాత రిటర్న్ అవసరం తగ్గిందనుకోవడం తలకిందుల ఆలోచన. లాటరీ లాంటి ప్రత్యేక రేట్ల ఆదాయాలకు ఆ రిబేటు వర్తించదన్నది ఇంకో సంగతి.

ఇక భయం. "రిటర్న్ ఏస్తే కండ్లల్ల పడతం" అన్న మాటలో ఒక పెద్ద పొరపాటు ఉంది. పన్ను కోసినప్పుడే మీరు కండ్లల్ల పడ్డారు. బ్యాంకు మీ పాన్ మీద ఎంత వడ్డీ ఇచ్చిందో, ఎంత కోసిందో మూడు నెలలకోసారి శాఖకు పంపుతుంది. అది 26ఏఎస్ అనే పత్రంలో వరుసగా కనిపిస్తుంది: కోసినవాళ్ల పేరు, వాళ్ల టాన్ నంబరు, ఇచ్చిన మొత్తం, కోసిన మొత్తం, జమ అయిన తేదీ. 2021 నుంచి ఏఐఎస్ అనే ఇంకో నివేదిక వచ్చింది. దాంట్లో ఎఫ్‌డీలు, భూమి రిజిస్ట్రేషన్లు, పెద్ద నగదు జమలు కూడా ఉంటాయి. మీ గురించి శాఖ దగ్గర ఉన్న కాగితం మీరు చూడకపోవడం వల్ల అది మాయం కాదు. రిటర్న్ వేయనివాళ్లకు కోతే మిగులుతుంది, వేసినవాళ్లకు కోసింది తిరిగొచ్చి లెక్కా సరిపోతుంది. రిటర్న్ బెంగళూరులోని కేంద్రంలో కంప్యూటర్ మీద పరిశీలన అవుతుంది. తర్వాత వచ్చే 143(1) సమాచారాన్ని చూసి "నోటీసు వచ్చింది" అని గుండెలు బాదుకునేవాళ్లున్నారు. అందులో ఉండేది మీరు చెప్పిన లెక్క ఒక పక్క, వాళ్లు వేసిన లెక్క ఇంకో పక్క. పాత బాకీ ఏదన్నా ఉంటే రీఫండ్‌లోంచి పట్టుకుంటారన్న మాట నిజమే, ముందు తెలియజేసే పట్టుకోవాలని సెక్షన్ 245 చెబుతుంది. బాకీ లేని మనిషికి ఆ భయం ఎందుకు?

ఇంతకంటే బలమైన భయం ఇంకోటి ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. "ఐటీ కడితే పీఎం కిసాన్ ఆగుతది, రేషన్ కార్డు పోతది, రుణమాఫీ రాదు." 2024లో రుణమాఫీ మార్గదర్శకాల్లో పీఎం కిసాన్ మినహాయింపుల ప్రస్తావన రావడంతో ఈ మాట ఇంకా గట్టిపడింది. పేద ఇంటికి ఏడాదికి 6 వేల పీఎం కిసాన్ ముఖ్యం, బియ్యం ఇంకా ముఖ్యం. వాళ్లు జంకడంలో తప్పేమీ లేదు. కానీ నిబంధన ఏం చెబుతుందో చూడాలి. గడిచిన అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను చెల్లించినవాళ్లకు పీఎం కిసాన్ లేదని అది చెబుతుంది. రిటర్న్ వేసినవాళ్లకు లేదని ఎక్కడా లేదు. పన్ను సున్నా అని తేల్చే రిటర్న్ మీ చేతిలో ఉన్న రుజువు. ఆ రుజువు లేకపోతే మీ పాన్ మీద కోసిన టీడీఎస్ ఒక్కటే మిగులుతుంది, దాన్ని చూసి ఎవరైనా "ఈమె పన్ను కట్టింది" అనుకునే వీలుంది. రేషన్ కార్డుకు ఆదాయాన్ని చూస్తారు. సొంత డబ్బు వెనక్కి తెచ్చుకుంటే ఆదాయం పెరగదు. ఎక్కడైనా సిబ్బంది రిటర్న్ చూసి పథకం ఆపితే తప్పు ఆ సిబ్బందిది. సున్నా పన్ను చూపించే కాగితం పెట్టి పోట్లాడాల్సిన చోటు అది.

ఇంకో మాట పట్నాల్లో వినిపిస్తుంది: రీఫండ్ అడిగేవాళ్లలో సగం మంది దొంగ లెక్కలవాళ్లేనని. ఈ మాటకు కారణం లేకపోలేదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా 150 చోట్ల సోదాలు చేసింది. ఇంటద్దెలు, రాజకీయ పార్టీల విరాళాలు, వైద్య ఖర్చులు దొంగగా చూపించి రీఫండ్లు తెప్పించి, అందులో వాటా తీసుకునే ఏజెంట్ల మీద ఆ సోదాలు. అంతకుముందు హైదరాబాద్, విజయవాడల్లోనూ కన్సల్టెంట్ల మీద తనిఖీలు జరిగాయి. ఆ పని చేసినవాళ్లను శిక్షించాల్సిందే. తప్పుగా చూపితే ఎగవేసిన పన్నుకు రెండింతల దాకా జరిమానా ఉంది, జైలు కూడా ఉంది. రిటర్న్ మీ పేరు మీద ఉంటుంది కాబట్టి, కన్సల్టెంట్ రాశాడంటే వదలరు. కానీ దొంగ రీఫండ్లు ఉన్నాయి కాబట్టి నిజమైన రీఫండ్ అడగొద్దనడం ఏం న్యాయం? ఉద్యోగం పోయిన పిల్లవాడు దొంగ ఇంటద్దె చూపక్కర్లేదు. భర్త పోయినామె పార్టీకి విరాళం ఇచ్చినట్టు రాయక్కర్లేదు. వాళ్ల లెక్క ఉన్నదున్నట్టు రాస్తేనే మొత్తం తిరిగొస్తుంది. "ఎంత వస్తే అంతలో పది శాతం నాకు" అనే మనిషి దగ్గరికి మాత్రం పోకండి. వాటా ఎక్కువ రావాలంటే అంకె పెంచాలన్న ఆశ అతనికే ఉంటుంది. ఫీజు ఇంత అని ముందే చెప్పి, రిటర్న్ కాపీ, పాస్‌వర్డ్ రెండూ మీ చేతికిచ్చే మనిషి దగ్గరికే పోండి.

"గడువు అయిపోయింది, ఇంకేం లాభం" అన్నది ఆఖరి అడ్డంకి. ఒక ఏడాది రిటర్న్‌ను దాని అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆ మరుసటి ఆర్థిక సంవత్సరం, డిసెంబరు 31 దాకా ఆలస్యంగా వేయవచ్చు. ఆదాయం 5 లక్షలలోపు ఉంటే ఆలస్య రుసుము వెయ్యి, దాటితే 5 వేలు. మినహాయింపు పరిమితి దాటనివాళ్లకు రుసుమే లేదు. డిసెంబరు 31 కూడా దాటితే అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకోమని కొందరు సలహా ఇస్తారు. రీఫండ్ కోసం అది పనికిరాదు, దాంతో రీఫండ్ అడగడానికి వీల్లేదు. అసలు దారి సెక్షన్ 119(2)(బి). ఆలస్యానికి కారణం చెప్పి, మన్నించి రిటర్న్ తీసుకొమ్మని అధికారిని కోరాలి. 2024 అక్టోబరు 1న వచ్చిన 11వ నంబరు సర్క్యులర్ ప్రకారం, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక అయిదేళ్లలోపు ఈ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోటి రూపాయల దాకా రీఫండ్‌ను కమిషనర్ స్థాయిలోనే తేల్చవచ్చు. మన నాలుగు వేలకూ ముప్పై వేలకూ ఆ స్థాయి ఎక్కువే. ఆలస్యమైన ఈ రీఫండ్ మీద వడ్డీ ఇవ్వరు, అసలు ఇస్తారు. భర్త చావు, జబ్బు, ఉద్యోగం పోవడం కంటే నిజమైన కారణాలు ఏముంటాయి ఆ దరఖాస్తులో రాయడానికి?

2025లో కొత్త ఆదాయపు పన్ను బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు అందులో ఒక నిబంధన ఉండింది: గడువులోగా రిటర్న్ వేసినవాళ్లకే రీఫండ్ అని. అది అట్లాగే చట్టమైతే నేను పైన చెప్పినవాళ్లలో చాలామందికి తలుపు మూసుకుపోయేది. బైజయంత్ పాండా అధ్యక్షతన ఉన్న సెలెక్ట్ కమిటీ దాన్ని తీసేయాలని సిఫారసు చేసింది, ప్రభుత్వం తీసేసింది. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకుని వచ్చిన ఆ చట్టంలో ఆ షరతు లేదు. నేను ఇక్కడ చెబుతున్న ఆదాయపు పన్ను సెక్షన్లు, ఫారాల నంబర్లు మాత్రం 1961 చట్టానివి. ఆలస్యంగా వచ్చినా ఎక్కువ కోసిన పన్ను తిరిగివ్వాల్సిందేనని దేశ చట్టసభ ఒప్పుకున్నాక, మన ఊళ్లో మనమే "వదిలేయ్" అని తీర్పు చెప్పుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఇందులో ప్రభుత్వం తప్పు లేదని నేను అనడం లేదు. చాలా ఉంది. రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం ఒప్పుకోని పన్ను వసూలు చేయకూడదు. సెక్షన్ 237 ఎక్కువ కట్టినవాళ్లకు రీఫండ్ హక్కు ఇచ్చింది. సెక్షన్ 244ఏ గడువులో అడిగినవాళ్లకు నెలకు అర శాతం వడ్డీ కూడా ఇమ్మంది. దయగా ఇచ్చేదానికి ఎవరూ వడ్డీ కట్టరు కదా. అంతకంటే ముఖ్యమైన కాగితం 1955 ఏప్రిల్ 11 నాటిది, బోర్డు 14వ నంబరు సర్క్యులర్. పన్ను కట్టేవాళ్ల అమాయకత్వాన్ని అధికారులు వాడుకోకూడదని, వాళ్లకు రావాల్సిన రీఫండ్లు, రాయితీలు అడిగించడం అధికారుల విధి అని అది చెబుతుంది. ఇంగ్లండులో ఏడాది మధ్యలో పని మానినవాళ్లు పీ50 ఫారంతో అప్పుడే పన్ను వెనక్కి అడగవచ్చు. ఏడాది ముగిశాక ఎక్కువ కట్టినట్టు తేలితే పన్ను శాఖే పీ800 అనే లెక్క పత్రం ఇంటికి పంపుతుంది. మన శాఖ దగ్గర 26ఏఎస్ ఉంది, ఏఐఎస్ ఉంది, ఫోన్ నంబరు ఉంది. ఎవరి పాన్ మీద కోత పడి రిటర్న్ రాలేదో ఒక్క మీటతో తెలుస్తుంది. బకాయి ఉన్నప్పుడు వచ్చే సందేశం, డబ్బు తిరిగివ్వాల్సి ఉన్నప్పుడు తెలుగులో ఎందుకు రాదు? ఫిర్యాదు వినడానికి ఉన్న ఆదాయపు పన్ను అంబుడ్స్‌మన్ వ్యవస్థను కూడా 2019లో రద్దు చేశారు.

పై నుంచి ఆ మార్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏప్రిల్ మొదటి వారంలో ప్రతి బ్యాంకు శాఖ కోతను ఆపే ఫారాలు తెలుగు వివరణతో కౌంటర్ మీద పెట్టాలి. రైతు బీమా డబ్బు ఎఫ్‌డీ వేసే రోజునే ఆ ఫారం సంతకం చేయించాలి. కోసినవాళ్లు కోత వివరాలుండే ఫారం 16ఏ ఇవ్వడం చట్టపు బాధ్యత, ఇవ్వకపోతే రోజుకు 500 జరిమానా ఉంది. కాంట్రాక్టర్ కోత కోసి ఖజానాకు కట్టకపోయినా ఆ పన్నును మళ్లీ మేస్త్రీని అడగడానికి వీల్లేదని సెక్షన్ 205 చెబుతుంది. ఈ మాట జాన్‌పహాడ్‌లోనూ మహంకాళిగూడెంలోనూ పనిచేసే ప్రతి మేస్త్రీకీ తెలియాలి. బిల్లు తీసుకునే రోజునే 16ఏ అడగాలి, ఇవ్వకపోతే కాగితం మీద రాసి అడగాలి.